పాస్‌కీ పెట్టేశాం సరే, దొడ్డి తలుపో?

పాస్‌వర్డ్ కొట్టకుండా ఫోను లాక్‌తోనే అకౌంటు తెరిచే పాస్‌కీ చేసుకోవడానికి పట్టేది నిమిషంన్నర. మా ఇంట్లో 4 ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, కొట్లో ఒక డెస్క్‌టాప్ ఉన్నాయి. వాటి మీద నడిచే 11 అకౌంట్లను పాస్‌వర్డ్ నుంచి పాస్‌కీకి మార్చేసరికి మూడు ఆదివారాలు అయ్యాయి. వీధి తలుపుకు కొత్త తాళం వేయడం తేలికే. దొడ్డి తలుపులు, అంటే పాస్‌వర్డ్ మర్చిపోతే లోపలికి వెళ్లే దారులు ఎన్ని ఉన్నాయో, వాటి తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయో వెతకడానికే ఆ సమయమంతా పోయింది.

మాది పర్లాకిమిడి. ఊరు ఒడిశాలో ఉంది, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రలో ఉంది. ఇక్కడ తెలుగిళ్లలో చాలా ఫోన్లకు రెండు సిమ్‌లు. టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో చదువుకునేటప్పుడు తీసుకున్న ఆంధ్ర నంబరు ఒకటి, ఇక్కడి వాడకానికి ఒడిశా నంబరు ఒకటి. జీమెయిల్‌కీ బ్యాంకుకీ ఎప్పుడో ఇచ్చింది ఆంధ్ర నంబరు. రీచార్జి మాత్రం ఒడిశా నంబరుకే చేస్తాం. రీచార్జి లేక పడి ఉన్న నంబరు కొన్నాళ్లకు రద్దవుతుంది. అలా రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఆగాక ఇంకొకరికి కేటాయిస్తారని 2023లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సుప్రీంకోర్టుకు చెప్పింది. అంటే మన జీమెయిల్‌కు 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే వెళ్లే ఓటీపీ, ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనిషి ఫోనుకు వెళ్లొచ్చు. ఆ దారి తెరిచే ఉంచి ముందు పాస్‌కీ పెడితే, వీధి తలుపుకు ఇనుప గడియ బిగించి దొడ్డి తలుపుకు తాడు కట్టినట్టే.

ముందు అసలు పాస్‌కీ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో. ఒక అకౌంటుకు పాస్‌కీ చేయగానే మన ఫోను ఒక జత తాళంచెవులు పుట్టిస్తుంది. రహస్యమైనది మన దగ్గరే ఉంటుంది, బయటికి చూపించేది సైటుకు వెళ్తుంది. లాగిన్ అయ్యేటప్పుడు సైటు ప్రతిసారీ ఒక కొత్త అంకెల వరుస పంపుతుంది. ఫోను దాని మీద రహస్య తాళంచెవితో సంతకం పెడుతుంది, సైటు తన దగ్గరున్న రెండోదానితో ఆ సంతకం సరిచూసుకుంటుంది. మన వేలిముద్ర ఎక్కడికీ పోదు. అది ఫోను తెరవడానికి మాత్రమే. మా అమ్మ మొదట అడిగింది కూడా అదే, 'వేలు పెడితే వాళ్ల దగ్గర మన ముద్ర పడిపోదు కదరా' అని. పడదు. సైటు సర్వర్లు దోచుకున్నా దొంగకు దొరికేది బయటి తాళంచెవే, దానితో లాగిన్ కాలేడు.

ఇంకో మేలు ఉంది, నా లెక్కలో అసలు మేలు అదే. గూగుల్ కోసం చేసిన పాస్‌కీ గూగుల్ చిరునామాలోనే పలుకుతుంది. ఒక్క అక్షరం తేడాతో కట్టిన దొంగ పేజీలో ఫోను ఆ పాస్‌కీని చూపించనే చూపించదు. మన కన్ను మోసపోతుంది గానీ బ్రౌజరు అక్షరం అక్షరం పోల్చుకుంటుంది. ఎవరైనా ఫోన్ చేసి 'మీ ఓటీపీ చెప్పండి' అంటే చెప్పడానికి ఓటీపీ ఉంటుంది. పాస్‌కీ చెప్పమంటే చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

2022 మే నెలలో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి దీన్ని తెస్తామన్నాయి. గూగుల్ అకౌంట్లకు 2023 మేలో వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పి, వాడుకభాష కోసం పోట్లాడిన ఊళ్లో కూర్చుని దీనికి 'ప్రవేశ కుంచిక' అని పేరు పెట్టే ధైర్యం నాకు లేదు. పాస్‌కీ అనే అంటాను.

మొదటి ఆదివారం ఒక్క పాస్‌కీ కూడా చేయలేదు. ఒక నోట్‌బుక్కులో గీతలు గీసి, అకౌంటు పేరు, దానికి ఇచ్చిన నంబరు, దానికి ఇచ్చిన రెండో మెయిలు, ఎవరి ఫోన్లో తెరిచి ఉంది అని నాలుగు గడులు పెట్టాను. 11 అకౌంట్లలో 5 ఆంధ్ర నంబరు మీదే ఉన్నాయి. వాటిలో రెండింటికి ఇచ్చిన నంబరు ఇప్పుడు మా దగ్గర లేనే లేదు. ముందు వాటిని మార్చాలి. గూగుల్‌లో సెక్యూరిటీ పేజీకి వెళ్తే రికవరీ ఫోను, రికవరీ మెయిలు పక్కపక్కనే ఉంటాయి. ఇక్కడ ఒక మెలిక. నంబరు మార్చినా 7 రోజుల వరకు పాత నంబరుకు కోడ్ పంపే వీలు గూగుల్ ఉంచవచ్చు. దొంగ నంబరు మార్చేస్తే అసలు మనిషికి తిరిగి దక్కించుకునే గడువు అది, కాబట్టి మంచిదే. కానీ పాత సిమ్ ఇంకొకరికి వెళ్లిపోయి ఉంటే ఆ 7 రోజులూ తలుపు ఓరగా తెరిచినట్టే. అందుకే నంబరు మార్చే పని అన్నిటికంటే ముందు పెట్టుకోవాలి.

అదే పేజీలో టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు అడిగే ఏర్పాటు ఆన్ చేస్తే లోపల బ్యాకప్ కోడ్లు అని కనిపిస్తాయి. ఒక విడతకు 10 కోడ్లు, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనికొస్తుంది. కొత్త విడత తీసుకుంటే పాతవి అన్నీ చెల్లవు. వీటిని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్లో దాచుకునేవాళ్లే ఎక్కువ. ఫోను పోతే కోడ్లూ పోతాయి మరి. కాగితం మీద రాసి, ఎవరి పేరూ ఏ అకౌంటో రాయకుండా రేషన్ కార్డు ఉండే డబ్బాలో పెట్టాం.

రెండో ఆదివారం పాస్‌కీలు. ఫోను ఆండ్రాయిడ్ 9 గానీ ఐఓఎస్ 16 గానీ, ఆపైది గానీ కావాలి. కంప్యూటరు అయితే విండోస్ 10 నుంచి. కొట్లోది విండోస్ 7 డెస్క్‌టాప్. దానికి క్రోమ్ బ్రౌజరు 2023 తొలిరోజుల్లోనే 109వ వెర్షన్‌తో ఆగిపోయింది. దాంతో కుస్తీ పట్టకుండా పక్కన పెట్టి, వేరే కంప్యూటర్లో విండోస్ 10 చూసుకున్నాం. ఫోనుకు స్క్రీన్ లాక్ తప్పనిసరి. లాక్ లేని ఫోన్లో పాస్‌కీ చేయనివ్వదు.

గూగుల్‌లో దారి ఇది: గూగుల్ అకౌంట్, సెక్యూరిటీ, పాస్‌కీలు. అక్కడికి వెళ్లగానే మాకు ఆశ్చర్యమేసింది. మేం ఏమీ చేయకముందే జాబితాలో రెండు ఉన్నాయి. గూగుల్ అకౌంటుతో తెరిచిన ఆండ్రాయిడ్ ఫోన్లకు అది తనంతట తానే పాస్‌కీ చేసి పెడుతుంది. అందులో ఒకటి నిరుడు బంధువులకు ఇచ్చేసిన ఫోను. ఇచ్చేటప్పుడు యాప్‌లు చెరిపారే గానీ అకౌంటు తీయలేదు. సెక్యూరిటీ పేజీలో 'మీ పరికరాలు' అనే చోటుకు వెళ్లి ఆ ఫోన్ను సైనవుట్ చేస్తే దానితో పాటు ఆ పాస్‌కీ కూడా పోయింది. మీరూ పాస్‌కీ చేసే ముందు ఈ జాబితా తప్పక చూడండి.

ఆ తర్వాత 'పాస్‌కీ క్రియేట్ చేయి' నొక్కితే ఫోను వేలు అడుగుతుంది. అంతే, అయిపోయింది.

కానీ ఎక్కడ దాచిందో చూశారా? వేలు పెట్టే ముందు కింది నుంచి ఒక చిన్న పలక పైకి వస్తుంది. అందులో పాస్‌కీ ఏ సైటుకో పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఏ జీమెయిల్ కింద దాచుతుందో మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా నాన్న ఫోన్లో రెండు జీమెయిల్‌లు ఉన్నాయి, ఒకటి ఆయనది, ఒకటి కొట్టుది. ఒక షాపింగ్ అకౌంటు పాస్‌కీ కొట్టు మెయిలు కింద పడింది. రెండు రోజుల తర్వాత మా అప్ప ఫోన్లో అదే షాపింగ్ అకౌంటు తెరవబోతే 'పాస్‌కీలు ఏవీ లేవు' అంది. ఎందుకంటే పాస్‌కీ ఏ జీమెయిల్ కింద ఉంటే ఆ జీమెయిల్ ఉన్న ఫోన్లలోనే కనిపిస్తుంది, ఆమె ఫోన్లో కొట్టు మెయిలు లేదు. పాస్‌కీ పోలేదు, వేరే బీరువాలో ఉంది. ఫోను సెట్టింగుల్లో గూగుల్, అందులో పాస్‌వర్డ్ మేనేజర్‌కు వెళ్లి పైన కుడివైపు బొమ్మ నొక్కి అకౌంటు మార్చి చూస్తే అక్కడ కనిపించింది. ఒక బీరువా నుంచి ఇంకో బీరువాకు దాన్ని లాగడం కుదరలేదు. సైటులోకి వెళ్లి సరైన జీమెయిల్ కింద ఇంకో పాస్‌కీ చేసి, పాతది తీసేశాం. ఒకే అకౌంటుకు ఎన్ని పాస్‌కీలైనా ఉండొచ్చు, గొడవేం లేదు. నిజానికి రెండు ఉండటమే మేలు.

తీసేయడంలోనూ ఒక తిరకాసు ఉంది. పాస్‌కీకి రెండు కొసలు: సైటులో ఒకటి, ఫోన్లో ఒకటి. సైటులో మాత్రమే చెరిపితే ఫోను ఇంకా ఆ పాస్‌కీని చూపిస్తూనే ఉంటుంది. వేలు పెడతాం, పచ్చగా టిక్ పడుతుంది, వెంటనే సైటు తప్పు అంటుంది. ఫోన్లో మాత్రమే చెరిపితే సైటు జాబితాలో పనికిరాని పేరు మిగిలిపోతుంది. రెండు చోట్లా చెరపాలి, ముందు సైటులో, తర్వాత ఫోన్లో. పాస్‌కీలకు పేరు మార్చుకునే వీలున్న చోట 'నాన్న ఫోను', 'అప్ప ఫోను' అని పెట్టుకుంటే ఏది చెరుపుతున్నామో తెలుస్తుంది.

కొట్లోని కంప్యూటర్లో లాగిన్ కావడానికి ఫోన్లోని పాస్‌కీ వాడొచ్చు. 'వేరే పరికరం వాడు' అని నొక్కితే తెర మీద క్యూఆర్ కోడ్ వస్తుంది. క్యూఆర్ కనిపిస్తే చాలు మన చెయ్యి పేమెంట్ యాప్ వైపే వెళ్తుంది. నాన్న అలాగే స్కాన్ చేశారు, అది చెల్లని కోడ్ అంది. ఆ క్యూఆర్‌లో ఉండేది ఫిడో అన్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, వాటి వెనక ఒక పొడుగాటి అంకెల వరుస. అది డబ్బు కట్టే చిరునామా కాదు. ఫోన్లో మామూలు కెమెరా యాప్‌తోనే స్కాన్ చేయాలి. అప్పుడు 'పాస్‌కీ వాడు' అన్న మాట వస్తుంది.

అక్కడా ఆగిపోయింది. 'కనెక్ట్ అవుతోంది' అని గుండ్రంగా తిరుగుతూనే ఉంది. కారణం బ్లూటూత్. కంప్యూటర్లో, ఫోన్లో రెండింట్లోనూ బ్లూటూత్ ఆన్ ఉండాలి. జత కలపక్కర్లేదు, అంటే పేరింగ్ అక్కర్లేదు. లాగిన్ మాటలన్నీ ఇంటర్నెట్ మీదే నడుస్తాయి. ఫోను నిజంగా ఈ కంప్యూటరు పక్కనే ఉందా అని తేల్చుకోవడానికే బ్లూటూత్. ఎవడో భువనేశ్వర్‌లోనో బొంబాయిలోనో కూర్చుని వాట్సాప్‌లో క్యూఆర్ బొమ్మ పంపి స్కాన్ చేయమంటే పని జరగకపోవడానికి కారణం ఇదే. డెస్క్‌టాప్‌లలో చాలావాటికి బ్లూటూత్ ఉండదు. రెండు మూడు వందల్లో దొరికే యూఎస్‌బీ డాంగిల్ ఒకటి గుచ్చితే సరిపోయింది. రెండు వైపులా నెట్ కూడా ఉండాలి. రెండూ ఒకే వైఫైలో ఉండనక్కర్లేదు, ఫోను తన డేటా మీద ఉన్నా చాలు.

ఆ కంప్యూటర్లోనే విండోస్ హలోలో, అంటే విండోస్‌ను పిన్‌తోనో వేలితోనో తెరిచే ఏర్పాటులో పాస్‌కీ చేసుకోమని కూడా అడుగుతుంది. సొంత కంప్యూటరు, మనకే తెలిసిన పిన్ అయితే చేసుకోవచ్చు. మేం చేసినది ఆ కంప్యూటర్లోనే ఉండిపోయింది, ఫోనుకు రాలేదు. విండోస్ మళ్లీ ఎక్కిస్తే అది పోయినట్టే. కాబట్టి దాన్ని రెండోదిగా వాడండి గానీ ఉన్న ఒక్కటీ అదే కాకూడదు.

ఇప్పుడు నెట్ సెంటరు సంగతి. సరిహద్దు ఊళ్లలో దరఖాస్తులంటే ఇటు మో సేవా కేంద్ర, అటు మీసేవ, మధ్యలో ప్రైవేటు నెట్ సెంటర్లు. అక్కడి కుర్రాడికి మెయిలు ఐడీ, పాస్‌వర్డ్ చీటీ మీద రాసి ఇచ్చే అలవాటు మన దగ్గర గట్టిగా పాతుకుపోయింది. పాస్‌కీని చీటీ మీద రాయలేం. ముందు ఇది ఇబ్బందిగా అనిపిస్తుంది. కానీ క్యూఆర్ తెరిపించి మన ఫోనుతో స్కాన్ చేస్తే పని జరిగిపోతుంది, పాస్‌వర్డ్ అక్కడ మిగలదు. జాగ్రత్త ఒక్కటే: లాగిన్ అయ్యాక 'ఈ కంప్యూటర్లో పాస్‌కీ చేయమంటారా' అని ఒక పలక వస్తే పొరపాటున కూడా ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే ఆ కంప్యూటరు పిన్ తెలిసిన ప్రతివాడికీ మన మెయిలు తాళంచెవి ఇచ్చినట్టు. పని అయ్యాక సైనవుట్ చేసి, ఇంటికొచ్చి 'మీ పరికరాలు' జాబితా ఒకసారి చూసుకోవాలి.

వేలిముద్రలతో వచ్చిన చిక్కు మరోటి. మా పిన్ని పలాస వైపు జీడిపప్పు కార్ఖానాలో ఏళ్ల తరబడి పిక్కలు కొట్టింది. జీడి చమురు తగిలి వేళ్ల కొసలు కాలి నున్నబడిపోయాయి. సెన్సారు పది సార్లలో ఒకసారి కూడా పట్టదు. అలాంటివాళ్లకు పాస్‌కీ పనికిరాదనుకోకండి. వేలు లేకపోతే ఫోను పిన్నో ప్యాట్రనో అడుగుతుంది, దాంతోనే పాస్‌కీ తెరుచుకుంటుంది. అందుకే ఆ పిన్ బరువు ఇప్పుడు పెరిగింది. 1234, పుట్టిన సంవత్సరం లాంటివి తీసేసి అందరివీ 6 అంకెలకు మార్చాం. ఫోన్లో ఎవరెవరి వేళ్లు ఎక్కించి ఉన్నాయో కూడా చూడండి. ఆటల కోసం పిల్లాడి వేలు ఎక్కించి ఉంటే, ఆ వేలు మీ పాస్‌కీలన్నిటినీ తెరుస్తుంది. ఎవరి వేలన్నది సైటుకు తెలియదు, ఫోను తెరుచుకుందన్నదే తెలుస్తుంది.

మిగతా అకౌంట్లు త్వరగానే అయ్యాయి. అమెజాన్‌లో లాగిన్ అండ్ సెక్యూరిటీ కింద ఉంది. వాట్సాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్, పాస్‌కీలు. కొత్త ఫోన్లో వాట్సాప్ ఎక్కించుకునేటప్పుడు ఎస్ఎంఎస్ కోడ్‌కు బదులు ఇది పనికొస్తుంది. మోహన అనే ఊరి వైపు కొండల్లో టవరు అందక వైఫై మాత్రమే ఉండే ఇళ్లకు ఇది నిజంగా ఉపకారమే. మైక్రోసాఫ్ట్ ఒక అడుగు ముందుంది, పాస్‌వర్డ్‌ను పూర్తిగా తీసేయనిస్తుంది. గూగుల్ అలా కాదు. పాస్‌కీ చేశాక కూడా పాస్‌వర్డ్ వెనక ఉండనే ఉంటుంది. వీలైన చోట పాస్‌వర్డ్ అడగకుండా వదిలేయమనే మీట మాత్రం ఉంది. ఇక ఎలాగూ చేత్తో కొట్టం కాబట్టి ఆ పాస్‌వర్డ్‌ను 20 అక్షరాల గజిబిజిగా మార్చి పాస్‌వర్డ్ మేనేజర్‌లో పడేసి, కాగితం మీదా రాసుకున్నాం. ఏళ్ల తరబడి నాలుగు చోట్ల వాడిన పాత పాస్‌వర్డ్ అలాగే ఉంటే ఈ తంతంతా దండగ.

మూడో ఆదివారం రిహార్సల్. దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ, బుర్ర బద్దలయ్యేది ఇక్కడే. ఫోను పోయిందనుకుందాం. కొత్త ఫోను కొన్నాం. జీమెయిల్ తెరవాలి, పాస్‌కీ అడుగుతుంది. పాస్‌కీ పోయిన ఫోన్లో ఉంది. 'పాస్‌కీలన్నీ గూగుల్‌లో సింక్ అయి ఉన్నాయి కదా' అంటారు. ఉన్నాయి, కానీ వాటిని తీసుకోవాలంటే ముందు గూగుల్‌లోకి వెళ్లాలి. కోడిముందా గుడ్డుముందా వ్యవహారం. అప్పుడే పాస్‌వర్డ్‌తో పాటు ఆ కాగితం మీది 8 అంకెల కోడ్ గానీ, ఇంట్లో రెండో ఫోన్లో తెరిచి ఉన్న అకౌంటు గానీ అక్కరకొస్తుంది. లోపలికి వెళ్లాక కూడా పాస్‌కీలు వెంటనే రావు. పాత ఫోను స్క్రీన్ లాక్ ఏమిటని అడుగుతుంది. ఆ పిన్నో ప్యాట్రనో తెలియకపోతే గూగుల్ కూడా వాటిని తెరవలేదు, ఎందుకంటే అవి దానితోనే బిగించి ఉంటాయి. తప్పు కొట్టడానికీ లెక్క ఉంది, ఇష్టం వచ్చినన్ని సార్లు కుదరదు. అమ్మ తన ప్యాట్రన్ వేలితో గీస్తుంది గానీ నోటితో చెప్పలేదు. అది చుక్కల బొమ్మగా కాగితం మీద గీయించి పెట్టుకున్నాం.

ఈ రిహార్సల్ కోసం అల్మారాలో ఉన్న పాత ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అదే కొత్త ఫోను అనుకుని మొదటి నుంచి చేశాం. మొదటిసారి 40 నిమిషాలు పట్టింది. అందులో సగం బ్యాకప్ కోడ్ అడిగే చోటు దొరక్కపోవడం వల్లే. అది 'వేరే మార్గం ప్రయత్నించు' అనే చిన్న లింకు వెనక, అన్నిటికన్నా అడుగున ఉంటుంది.

బ్యాంకులు, యూపీఐ, రైలు టికెట్లను మేం పాస్‌కీకి మార్చలేదు. యూపీఐ యాప్ మొదట పెట్టుకునేటప్పుడు మన సిమ్ నుంచే ఒక ఎస్ఎంఎస్ బయటికి పంపి, నంబరును ఆ ఫోనుకు కట్టేస్తుంది. కాబట్టి సిమ్ బతికే ఉండాలి. ఓటీపీ ఒక్కటే దారి కాదు, వేరే పద్ధతులూ వాడొచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. అయినా మా నోట్‌బుక్కులో బ్యాంకు గడి ముందు ఆంధ్ర నంబరే ఉంది. వాట్సాప్‌లో వచ్చే దొంగ చలానా యాప్‌లు ఎస్ఎంఎస్‌లు చదివేస్తాయి కాబట్టి ఆ సిమ్‌ను పనులకు వాడే ఫోన్లోంచి తీసి, యాప్‌లేమీ లేని బటన్ ఫోన్లో వేశాం. యూపీఐ మాత్రం ఒడిశా నంబరుతో ఉన్న రెండో బ్యాంకు ఖాతాకు మార్చుకున్నాం. ఆంధ్ర సిమ్ రీచార్జి గడువు క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో చుట్టి ఉంది. ఈ నెల 28.